బొమ్మకి పొడుగు చేతులు

మా టైలరు బావ నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉంటాయి. అందుకని మాట్లాడేది తక్కువ. మాట్లాడే ఆ కాస్తలో సగం ఒకటే మాట. కుట్టిన బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు "గుడ్డేమన్నా మిగిలిందా?" అని అడుగుతారు. ఆయన పళ్ళ మధ్య సూదుల్ని ఒక పక్కకి తోసుకుని, "సరిగ్గా సరిపోయింది" అంటాడు. లావుపాటివాళ్ళకీ సరిగ్గానే సరిపోతుంది, బక్కవాళ్ళకీ సరిగ్గానే సరిపోతుంది. కొలతకి మించి తెచ్చినవాళ్ళకి మరీ సరిగ్గా సరిపోతుంది.

ఆయన కొట్టు పక్కనే నా సైకిలు రిపేరు కొట్టు. మధ్యలో ఒక రేకు గోడ. ఆయన కత్తెర చప్పుడు నాకు, నా సుత్తి చప్పుడు ఆయనకి రోజంతా వినపడుతూనే ఉంటాయి. నన్ను ఊరంతా పంచరు అంటారు. నేనూ పలుకుతాను.

బావకి మాసిక వేయడంలో గొప్ప పేరు. మేకు తగిలి చొక్కా చిరిగినా, బెంచీ మీద కూర్చుని పంట్లాం పిగిలినా, అచ్చం అదే గుడ్డ ముక్క తెచ్చి, చారకి చార కలిపి కుట్టేస్తాడు. చిరిగిన చోటు ఏదో కుట్టించుకున్నవాళ్ళే పట్టుకోలేరు. "ఇదే గుడ్డ నీకెక్కడ దొరికింది బావా?" అని ఆశ్చర్యపోతారు. "వెతకాలి మరి" అంటాడు. వెతికినందుకు వేరే కూలి. ఎక్కడ వెతుకుతాడో నాకు తెలుసు. కాళ్ళ దగ్గర. కత్తిరింపు బల్ల కింద ఒక పెద్ద చెక్కపెట్టె ఉంది. అందులో మూటలు. ఒక్కో ఇంటికి ఒక్కో మూట. ఏ ఇంటి మూట ఆ ఇంటి గుడ్డతోనే కట్టి ఉంటుంది కాబట్టి పేరు రాయాల్సిన పని లేదు.

ఆ పెట్టె సంగతి తెలిసిన ఇంకో మనిషి గుండీ. గుండీ ఆయన మనవరాలు. పాకే వయసులో బల్ల కింద దొరికిన గుండీ ఒకటి మింగేసింది. అది బయటపడేదాకా ఇంటిల్లిపాదీ కాచుక్కూర్చున్నారు. గుండీ బయటపడింది గానీ పేరు లోపలే ఉండిపోయింది. ఆ పిల్ల పెరిగిందంతా ఆ బల్ల కిందే. అక్షరాల కంటే ముందు కొట్టు పద్ధతులు నేర్చుకుంది. ఒక ఇంటి గుడ్డ ఇంకో ఇంటి గుడ్డతో కలవకూడదు. కుట్టుకూలి చేతిలో పడందే బల్ల మీద నుంచి జేబురుమాలు కూడా కదలకూడదు. ఎవరైనా కుట్టించుకుని తీసుకెళ్ళకుండా తిప్పుతుంటే, ఆ బట్టని కొట్టు ముందు కొక్కేనికి వేలాడదీయాలి. దారినపోయేవాళ్ళంతా చూసి "అదిగో ఫలానా వాళ్ళ పంట్లాం" అనుకుంటారు. ఆ దెబ్బకి ఎంతటివాళ్ళైనా పరుగెత్తుకొస్తారు.

ఇక నీళ్ళ సంగతి.

మా ఊరి బడిలో ఒక చేతిపంపు ఉంది. కొట్టగానే నీళ్ళు తెల్లగానే పడతాయి. బకెట్లో కాసేపు ఉంటే చాలు, టీ అయిపోతాయి. పైన తెట్టు, అడుగున మడ్డి. పిల్లల యూనిఫారం తెల్లచొక్కా. కానీ మా ఊళ్ళో పిల్లలెవరికీ తెల్లచొక్కా లేదు. అందరివీ పసుప్పచ్చగా తుప్పు మరకలతో ఉంటాయి. పై ఊరి నుంచి వచ్చిన ఇనస్పెక్టరు ఒకాయన "ఈ రంగు యూనిఫారం బాగుంది, ఎవరు ఎంపిక చేశారు?" అని అడిగి పోయాడు. నర్సమ్మ మాత్రం ఆ నీళ్ళు తాగొద్దని ఎప్పటి నుంచో మొత్తుకుంటోంది. పంపు పక్కనే మురికి కాలువ, అదంతా కిందికే ఇంకుతోంది, కాచి తాగండి అని వేలెత్తి చెబుతుంది. బడిలో ఎవరు కాస్తారు? స్థోమత ఉన్నవాళ్ళు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుంటారు. లేనివాళ్ళు పంపు దగ్గర దోసిలి పడతారు.

గుండీ పక్క సీటు పిచ్చుకది. పిచ్చుకంటే పిట్ట కాదు, పిల్ల. రాళ్ళ క్వారీ దగ్గర రేకుల షెడ్డులో ఉంటారు వాళ్ళు. ఆ పిల్లకి సీసా లేదు. గుండీ తన సీసాలో సగం ఇచ్చేది. సగం నీళ్ళు ఇద్దరికీ చాలక, మధ్యాహ్నానికి పిచ్చుక పంపు దగ్గరికే పోయేది. కడుపునొప్పి అని రెండుసార్లు మధ్యలోనే ఇంటికి పోయింది. మూడోసారి ఆస్పత్రికి పోయింది. వాళ్ళమ్మ వచ్చి, "చదువు లేకపోయినా బతుకుద్ది టీచరమ్మా, నీళ్ళు బాగుపడినప్పుడు పంపిస్తా" అని చెప్పి, పలక తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గుండీ నా కొట్టు ముందు కూర్చుని చాలాసేపు ఒక పాత పెడలు తిప్పింది.

"పంచరు తాతా, నీళ్ళు ఎలా బాగుపడతాయి?"

"ఫిల్టరు పెడితే."

"ఎవరు పెడతారు?"

స్కూలు కమిటీ వైపు చెయ్యి చూపించాను.

స్కూలు కమిటీ అంటే ప్రెసిడెంటు గారే. మిగతావాళ్ళు కుర్చీలు నింపడానికి ఉంటారు. ఆయన మాట్లాడ్డం మొదలుపెడితే నోరు మూయడు. పిల్లలు, టీచరమ్మ కలిసి వెళ్ళి అడిగితే చాలాసేపు మాట్లాడి, చివరికి, "మంచిదే. మీరు సగం తెండి, మిగతా సగం కమిటీ వేస్తుంది. నా మాటే మాట" అన్నాడు. అందరి ముందే అన్నాడు. పిల్లలు తేలేరని ఆయనకి అంత నమ్మకం.

టీచరమ్మ ఏనాడూ ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషి. "చందాలొద్దు. మీ చేతుల్తో ఏదన్నా చేసి అమ్మండి, సంత రోజున వరండా ఇస్తాను" అంది. పిల్లలు కాగితం పువ్వులు చేశారు, ఒక్క వానకి ముద్దయిపోయాయి. మట్టితో పక్షులు చేశారు, ఆరబెడితే ముక్కులు రాలిపోయాయి. ముక్కులు లేని పక్షుల్ని తాబేళ్ళని చెప్పి అమ్మబోతే టీచరమ్మ ఒప్పుకోలేదు. అప్పుడు గుండీ, "గుడ్డబొమ్మలు చేద్దాం, మా తాతయ్య కొట్టుంది" అంది.

సరిగ్గా అప్పుడే బావ కంటి ఆపరేషనుకి టౌనుకి బయల్దేరాడు. పొర కమ్మి చాలా రోజులైంది, సూదిలో దారం గుండీయే ఎక్కించి పెట్టేది. బస్సెక్కబోతూ, "తాతయ్యా, బొమ్మలకి ముక్కలు తీసుకోనా?" అని ఆ పిల్ల అడిగింది. "తీసుకో. పనికిరాని ముక్కలన్నీ నీవే. మిషన్ మీద చెయ్యి మాత్రం వేయకు" అన్నాడు. ఆయన చెప్పింది బల్ల పక్క బుట్టలో ముక్కల గురించి. వేలెడు వెడల్పు పీలికలు అవి. వాటితో బొమ్మకి చొక్కా కాదు గదా, చెవి కూడా రాదు. గుండీ బుట్ట వంక చూసింది. పెట్టె వంక చూసింది. అందరికీ గుడ్డ సరిగ్గా సరిపోయాక మిగిలినవంటే పనికిరానివే కదా అనుకుంది. తప్పేముంది? తాత రోజూ చెప్పేది నమ్మింది అంతే.

బుట్టలో పీలికలు బొమ్మల పొట్టలో కూరారు. పెట్టెలో గుడ్డలు ఒంటికి తొడిగారు. కళ్ళకి నా దగ్గరి పాత వాషర్లు పట్టుకుపోయారు. గుండ్రటి వాషర్లు కుట్టేసరికి బొమ్మలన్నీ ఏదో వినకూడనిది విన్నట్టు చూసేవి.

నేను రేకు గోడకి ఇవతల ట్యూబులు అతికిస్తూ వాళ్ళ మాటలు వింటూ ఉండేవాణ్ణి.

"ఒసే, ఈ ఎర్రగుడ్డ ఆ బొమ్మకి కూడా వేద్దామే, బాగుంటుంది."

"కుదరదు. అది వేరే ఇంటిది. కలపకూడదు" అని గుండీ గొంతు.

"అయితే ఈ మూటతో ఒక్క బొమ్మేనా?"

"ఒక ఇంటికి ఒక బొమ్మ. అంతే."

"ఇదెవరిల్లు?"

"కిరాణా కొట్టాయనది. నీలి చారలు. చాలా ఉంది గుడ్డ."

"అయితే బొమ్మని లావుగా కుడదాం."

"ఆయన లావేగా!"

"చేతులు పొట్టివా, పొడుగువా?"

"గుడ్డుంది కదా, పొడుగే పెట్టు. చలికి బాగుంటుంది."

"బొటనవేలు పెద్దగా పెట్టనా? తూకం వేసేటప్పుడు అదే కనిపిస్తుంది మనకి."

"పెట్టు. ప్రెసిడెంటు గారి నోరు ఎలా కుట్టాలి? మూసా, తెరిచా?"

"మూసి ఉండగా ఎవరన్నా చూశారా?"

ఎవరూ చూడలేదట. తెరిచి కుట్టారు.

కొలత లేకపోయినా కన్ను తప్పలేదు వాళ్ళది. పెద్దవాళ్ళం మనం పిల్లల్ని చూస్తున్నాం అనుకుంటాం గానీ, కింద నుంచి వాళ్ళు మనల్ని చూస్తూనే ఉంటారు.

సంత రోజు పొద్దున బడి వరండాలో రెండు బెంచీలు వేసి, బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, పైన దుప్పటి కప్పారు. సంతకి వచ్చినవాళ్ళంతా మూగారు. క్వారీ నుంచి పిచ్చుక కూడా వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఇంకా బక్కచిక్కిపోయింది. గుండీ ఆ పిల్లని చూసి, "ఫిల్టరు వచ్చాక నీకో కొళాయి ఉంటుంది చూడు" అని అరిచి చెప్పింది. టీచరమ్మ దుప్పటి లాగింది.

ముందు నవ్వులు మొదలయ్యాయి.

"అమ్మో, ఇది నర్సమ్మ కాదూ! వేలెత్తి ఎలా ఉందో చూడు."

"మెడ వెనక్కి తిరిగి ఉందే, ఇదెవరు?"

"బస్సు డ్రైవరు. ముందుకి చూసి నడిపిందెప్పుడు? ఎప్పుడూ వెనక సీట్లతో కబుర్లేగా."

నా బొమ్మ కూడా ఉంది. ఖాకీ చొక్కా, చేతిలో చిన్న పంపు. నోరు కుట్టలేదు. దారం దండగ అనుకున్నారు కాబోలు.

అందరికంటే ఎక్కువ నవ్వింది కిరాణా కొట్టాయనే. ప్రెసిడెంటు గారి బొమ్మ దగ్గర నిలబడి, "నోరు చూడండయ్యా నోరు! ఈగల గుంపు దూరినా ఖాళీ మిగులుతుంది!" అని పొట్ట పట్టుకున్నాడు. ప్రెసిడెంటు గారు ఏదో అనడానికి నోరు తెరిచాడు. దాంతో ఇంకా నవ్వారు.

అప్పుడు కొట్టాయన భార్య పిలిచింది.

"ఏమండీ, ఇలా రండి."

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆయన నవ్వు ఆగిపోయింది. పెళ్ళైనవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది.

"ఈ నీలి చారల గుడ్డ మీరు టౌనంతా తిరిగి కొన్నది కాదూ?"

"అవును."

"పొడుగు చేతులకి గుడ్డ చాల్లేదన్నాడని పొట్టి చేతులు కుట్టించుకున్నారు కాదూ?"

"అవును."

"మరి దీనికి పొడుగు చేతులున్నాయేంటి?"

ఆయన బొమ్మని చూశాడు. తనని తాను చూసుకున్నాడు. ఆ రోజు ఒంటి మీద ఉన్నది ఆ చొక్కాయే. బొమ్మనీ ఆయన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే బొమ్మే కాస్త పెద్దమనిషిలా ఉంది.

"నాకు పొట్టి చేతులు, బొమ్మకి పొడుగు చేతులా!"

ఆ కేక సంత చివర చేపలమ్మేవాళ్ళకి కూడా వినపడింది. అంతే, నవ్వులాగి అందరూ ఎవరి గుడ్డ వాళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టారు. "ఇది మా కిటికీ పరదా గుడ్డ. బెత్తెడు తక్కువైందని ఇప్పటికీ కింద నుంచి ఎండ కొడుతోంది!" "ఇది మా పిల్ల గౌను. జేబులకి గుడ్డ లేదన్నాడు. దీనికి రెండు జేబులు!" నర్సమ్మ తన బొమ్మని ఎత్తి పట్టుకుని నిజంగానే వేలెత్తి ఏదో అంటోంది. బొమ్మా ఆవిడా ఒకేలా ఉన్నారు.

"ఏడీ ఆ టైలరు?"

ఆ మాట అనడం, బడి ముందు బస్సాగడం ఒకేసారి జరిగాయి. డ్రైవరు వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడుతూనే బ్రేకు వేశాడు. బావ దిగాడు. నల్ల కళ్ళద్దాలు, చేతిలో మందుల సంచి. జనాన్ని చూసి తనకోసమే వచ్చారనుకున్నాడు. ఒక రకంగా నిజమే. తర్వాత బెంచీల వైపు చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ డాక్టరు ఆపరేషను అంత బాగా చేస్తాడని పాపం ఆయన అనుకుని ఉండడు.

చెయ్యి నోటి దగ్గరికి పోయింది. సూదులు లేవు. దాక్కోడానికి చోటు లేనట్టు నిలబడ్డాడు.

ప్రెసిడెంటు గారికి ఇలాంటి సమయాలంటే ఇష్టం. జనాన్ని పక్కకి జరిపి ముందుకొచ్చాడు. "ఏమయ్యా, నలుగురిలో అడుగుతున్నాను. ఈ గుడ్డలు ఎవరివి? నీవా, మావా? తేల్చి చెప్పు."

బావ ఏదైనా చెప్పొచ్చు. టౌనులో కొన్నానని చెప్పొచ్చు. పిల్లలు ఎక్కడి నుంచి తెచ్చారో నాకేం తెలుసు అని చెప్పొచ్చు. అలవాటైన ఆ ఒక్క మాట గొంతు దాకా రావడం నాకు కనిపించింది. ఆ మాట అంటే ఆయన బతుకుతాడు, గుండీ దొంగవుతుంది. ఆయన గుండీ వైపు చూశాడు. ఆ పిల్ల తాత ఏం చెప్తాడా అని చూస్తోంది. తాత అబద్ధం చెప్తాడని ఆ పిల్లకి అంతవరకూ తెలియదు.

"మీవే" అన్నాడు బావ.

కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మిగిలాయి. దాచాను. చిరిగితే మాసికకి పనికొస్తాయని దాచాను. ఒక్క ముక్క అమ్ముకోలేదు."

"మాసికకి వేరే కూలి పుచ్చుకున్నావుగా!" అంది నర్సమ్మ.

"పుచ్చుకున్నాను."

"వెతికినందుకని!"

"వంగి తీయాలి కదమ్మా" అన్నాడు బావ నేల చూపులు చూస్తూ.

ఎవరో కిసుక్కున నవ్వారు గానీ కొట్టాయన నవ్వనివ్వలేదు. "విన్నారుగా? గుడ్డ మనదేనట. మన గుడ్డని మనమే కొనుక్కోవాలా? ఎవరి బొమ్మ వాళ్ళు పట్టుకుపోండి. అమ్మకం లేదు, గిమ్మకం లేదు" అన్నాడు. ప్రెసిడెంటు గారు కూడా "అంతే, అంతే" అన్నాడు. ఆయనకి కమిటీ వేయాల్సిన సగం మిగిలిపోతోంది మరి. చేతులు బెంచీల మీదికి వచ్చాయి.

పిల్లలు బొమ్మల్ని వదలరు, పెద్దవాళ్ళు లాగుతారు. ఒక బొమ్మ కాలు సాగింది. వెనకెక్కడో పిచ్చుక వాళ్ళమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టబోయింది. గుండీ అది చూసింది. చూసి, బెంచీ ఎక్కి నిలబడింది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"కుట్టుకూలి పెట్టి తీసుకెళ్ళండి. అప్పు లేదు."

అచ్చం తాత గొంతే. అదే విసుగు, ముక్కులోంచి అదే సాగదీత. రోజూ ఆ కొట్టు ముందు ఆ మాట విననివాళ్ళు ఊళ్ళో లేరు. లాగుతున్న చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి.

"గుడ్డ మీదే. మా తాతయ్య చెప్పాడు. కుట్టింది మేము. గుడ్డ మీదైతే చొక్కాలు ఊరికే తీసుకెళ్ళారా ఎప్పుడైనా?"

కొట్టాయన నోరు కాస్త తగ్గింది. "అదెలా అడుగుతావే? మేం కుట్టమన్నామా?"

"మిగిలిన గుడ్డ అడుగుతున్నారుగా? మిగిలిన గుడ్డకి ఇదే కుట్టు."

టీచరమ్మ అటు తిరిగి నవ్వుకుంటోంది. వాదన ఎక్కడ అతికిందో నాకు తెలియదు గానీ, విడదీసే చోటు ఎవరికీ దొరకలేదు.

"ఇంత బొమ్మకి కూలి ఎంత?" అన్నాడు కొట్టాయన.

"పెద్దాళ్ళ చొక్కాకి ఎంతో అంతే."

"ఇంత దానికా!"

"చిన్నదైతే కుట్టు కష్టం." అదీ తాత మాటే. పసిపిల్లల బట్టలు తెచ్చి కూలి తగ్గించమన్న ప్రతివాళ్ళకీ ఆయన చెప్పేది.

జనంలో నవ్వు మళ్ళీ మొదలైంది. కొట్టాయన బొమ్మని బెంచీ మీద పెట్టేశాడు. "నాకొద్దు. ఉంచుకోండి."

"సరే" అంది గుండీ. "తీసుకెళ్ళనివి కొట్టు ముందు కొక్కేనికి వేలాడదీస్తాం."

అంతవరకూ వెనక్కి జరుగుతున్న ప్రెసిడెంటు గారు అక్కడే ఆగాడు. కొట్టు ముందంటే నడివీధి. బస్సులన్నీ పోయేది ఆ దారినే. నోరు తెరుచుకున్న తన బొమ్మ కొక్కేనికి ఊగుతూ వచ్చేపోయే బస్సులన్నిటికీ స్వాగతం పలకడం ఆయన కళ్ళ ముందు కనపడినట్టుంది. కొట్టాయనకి తన బొటనవేలు కనపడి ఉంటుంది.

ముందు నేను వెళ్ళాను. నా బొమ్మకి కూలి పెట్టి తీసుకున్నాను. గుండీ, "రసీదు కావాలా?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. బొమ్మ కూడా ఏమీ అనలేదు.

తర్వాత కొట్టాయన భార్య మొగుడి జేబులో చెయ్యి పెట్టి, అందినంత తీసి ఇచ్చింది. "చిల్లర?" అన్నాడాయన. "బొటనవేలికి" అంది ఆవిడ. ఇక ఆగలేదు. నర్సమ్మ కూలి ఇస్తూ కూడా వేలెత్తి, "చేతులు కడుక్కుని కుట్టారా?" అని అడిగింది. డ్రైవరు తన బొమ్మని బస్సు అద్దం ముందు కట్టుకున్నాడు. మెడ వెనక్కి ఉంది కాబట్టి దారి చూసే పని ఆయన మీదే పడింది. ప్రెసిడెంటు గారు అందరికంటే చివర వచ్చి, బొమ్మని బోర్లా తిప్పి సంచిలో వేసుకున్నాడు. ఆయన వెళ్ళబోతుంటే టీచరమ్మ మెల్లగా, "సగం అయింది సార్. మీ మాటే మాట అన్నారు కదా, మిగతా సగం ఎప్పుడు?" అంది. అందరూ చూస్తున్నారు. నేను చూసినంతలో ఆయన నోరు మూసుకుని తల ఊపింది ఆ ఒక్కసారే.

అంతా అయ్యాక గుండీ బెంచీ దిగి తాత దగ్గరికి వచ్చింది. మందుల సంచి చేతిలోంచి తీసుకుంది. ఇద్దరూ కొట్టు దాకా నడిచారు. గుమ్మంలో ఆగి, "తాతయ్యా, మరి నా గౌనుకి కూడా గుడ్డ మిగిలిందా?" అని అడిగింది.

"లేదే. నీ గౌనుకి నిజంగానే సరిపోలేదు. నేనే కలిపాను" అన్నాడు బావ.

వాళ్ళ వెనకే వచ్చిన నేను రేకు గోడకి ఇవతల సుత్తి అందుకోబోయి ఆగి విన్నాను. అది అబద్ధం కాదనిపించింది.

మర్నాడు ఊరంతా వచ్చి పెట్టెలో మిగిలిన మూటలు ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. బావ ఒక్కొక్కటే వంగి తీసి ఇచ్చాడు. వంగినందుకు కూలి అడగలేదు. పట్టుకుపోయిన ముక్కల్ని జనం ఏం చేశారు? మసిగుడ్డలు చేశారు, సైకిళ్ళు తుడుచుకున్నారు. కొన్ని నా కొట్టుకే వచ్చాయి. ఆ తర్వాత డ్రైవరు పంట్లాం మోకాలి దగ్గర చిరిగింది. మాసికకి అదే గుడ్డ లేదు. ఆకుపచ్చ పంట్లాం మీద పువ్వుల మాసికతో బస్సు నడిపాడు. పిల్లలు కిటికీల్లోంచి తొంగిచూసి మరీ నవ్వారు. ఇక ఒక్కొక్కరే మిగిలిన ముక్కలు మడతపెట్టి తెచ్చి, "ఉంచు బావా, చిరిగితే చూద్దువు గాని" అని మెల్లగా బల్ల కిందికి తోసి పోయారు. ఇప్పుడు ఎంత మిగిలిందో బావ ముందే చూపిస్తాడు. వాళ్ళే పెట్టెలో పెట్టమంటారు.

ఒక్క కొట్టాయన మాత్రం పెట్టమనలేదు. బడిలో ఫిల్టరు పెట్టే రోజుకని ఖరీదైన తెల్లగుడ్డ తెచ్చి, బల్ల మీద పరిచి, వేలు చూపించి చెప్పాడు. "పొడుగు చేతులు. ఒక్క ముక్క మిగలడానికి వీల్లేదు. నూలుపోగు మిగిలినా ఊరుకోను." బావ సూదుల్లోంచి "ఊఁ" అన్నాడు.

ఫిల్టరు వచ్చింది. నిలువెత్తు డ్రమ్ము, దానికి నాలుగు కొళాయిలు. పంపు నీళ్ళు పైనుంచి పోస్తే ఇసక, బొగ్గు దాటుకుంటూ కిందికి దిగుతాయి. నర్సమ్మ సీసాలో పట్టి, వెలుగుకి ఎత్తి చూసి, చాలాసేపు వంక కోసం వెతికి, "తాగండి" అంది. పిచ్చుక పలక చంకలో పెట్టుకుని వచ్చింది. గుండీ ఆ పిల్లని చివరి కొళాయి దగ్గరికి లాక్కెళ్ళి, "ఇది నీది" అంది. పిచ్చుక తాగి, మూతి తుడుచుకుని, ఇంకోసారి తాగి, "వీటికి రుచే లేదే!" అంది. పంపు నీళ్ళే తాగి పెరిగింది కదా మరి.

ప్రెసిడెంటు గారు ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆయన ఆపేలోగా తాగొద్దామని కొట్టాయన కొత్తచొక్కా వేసుకుని కొళాయి దగ్గరికి వచ్చాడు. గుడ్డ ఒక్క ముక్క మిగల్లేదు. ఆ మిగలాల్సిందంతా చేతుల్లోనే ఉంది. వేళ్ళ కొసలు దాటి బెత్తెడు వేలాడుతున్నాయి. ఆయన దోసిలి పట్టాననుకున్నాడు. పట్టింది చొక్కా చేతుల్ని. నీళ్ళన్నీ అందులో నిండి మోచేతుల దాకా కారాయి. పిచ్చుక ముందు నవ్వింది, తర్వాత అందరూ.

"ఏమయ్యా! ఏంటిది?" అని కొట్టాయన తడిసిన చేతులు పైకెత్తి బావ మీద అరిచాడు.

బావ ఆ చేతుల్నీ, నీళ్ళ చుక్కలు కారుతున్న కొసల్నీ కొత్త కళ్ళతో తీరిగ్గా చూశాడు.

"సరిగ్గా సరిపోయింది" అన్నాడు.

కొట్టాయన ఇంకేదో అనబోయి చొక్కా వైపు చూసుకుని ఆగాడు. ఎండకి ఒక చెయ్యి అప్పుడే ఆరుతోంది. బడి నీళ్ళు పడిన తెల్లచొక్కా అది. ఆయన ఆ కొసని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, తిప్పి, మళ్ళీ తిప్పి చూశాడు. మరక పడలేదు. రెండు చేతుల్నీ మళ్ళీ తీసుకెళ్ళి కొళాయి కింద పెట్టాడు.